మెషిన్ తెరకి ఏ టూల్‌కిట్? అందరి పద్ధతా, వెండర్ పద్ధతా?

బెంగళూరు పీణ్యలో మెషిన్లు చేసే చిన్న కంపెనీ కానివ్వండి, ఎలక్ట్రానిక్ సిటీలో మెడికల్ పరికరాలు చేసే టీమ్ కానివ్వండి, కొత్త ప్రోడక్ట్‌కి తెర కట్టే దగ్గరికి వచ్చేసరికి ఏ టూల్‌కిట్ వాడాలని ఒకటే పేచీ. టూల్‌కిట్ అంటే తెర మీది బటన్లు, మెనూలు గీసి నడిపే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్, దాన్ని ఇచ్చే కంపెనీ వెండర్. "స్టాండర్డ్‌గా పోదామండీ, రేపు ఎవరొచ్చినా మెయింటైన్ చేసుకుంటారు" అంటారు ఒకరు. "ఆ వెండర్ టూల్‌కిట్‌లో అన్నీ రెడీగా ఉన్నాయి, రెండు నెలల్లో డెమో చూపించేయొచ్చు" అంటారు ఇంకొకరు. బెంగళూరు టీమ్‌లలో తెలుగువాళ్లకి కొదవలేదు కాబట్టి ఈ పేచీ మీటింగ్ రూమ్‌లో తెగక మారతహళ్లి టిఫిన్ సెంటర్ల దాకా వస్తుంది.

విండోస్ మీదో లినక్స్ మీదో నడుస్తూ, కనీసం ఏడెనిమిదేళ్లు ఫీల్డ్‌లో ఉండాల్సిన ప్రోడక్ట్‌కి తెర కట్టేవాళ్లని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. శనాదివారాల్లో సరదాగా చేసే యాప్‌కి ఇంత ఆలోచన అక్కర్లేదు. చేతికి అలవాటైనదాంతో చేసేయండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తెర అంటే ఒకటే వస్తువు కాదు, పొరలు పొరలుగా ఉంటుంది. బటన్ ఎలా కనిపించాలి అన్నది పై పొర. ట్యాబ్ నొక్కితే ఫోకస్ ఎటు వెళ్లాలి, తెలుగు కన్నడ అక్షరాలు ఎలా కూర్చుకోవాలి, స్క్రీన్ రీడర్‌కి (చూపులేనివాళ్లకి తెరని చదివి వినిపించే ప్రోగ్రామ్‌కి) ఏం వినిపించాలి, మెషిన్ కంట్రోలర్‌తో తెర ఎలా మాట్లాడాలి, ఇవన్నీ కింది పొరలు. పై పొరలో వెండర్‌ని ఎంత స్వేచ్ఛగా వదిలేసినా కొంప మునగదు. కింది పొరలు వాళ్ల చేతిలో పెడితే మాత్రం మన పరిస్థితి అద్దె ఇంట్లో ఉన్నట్టే. గోడలకి నచ్చిన రంగు వేసుకోవచ్చు, నీళ్ల మోటారు స్విచ్ మాత్రం ఓనర్ ఇంట్లో ఉంటుంది.

ముద్ర పడిన ప్రమాణానికి ఏమైంది

యూనిక్స్ కంప్యూటర్లలో తెర మీద విండోలు గీసే ఎక్స్ విండో సిస్టమ్ 1984లో ఎంఐటీలో మొదలైంది. ఎక్స్11 వచ్చింది 1987లో. దాన్ని చేసినవాళ్లు కావాలనే ఒక నిర్ణయం తీసుకున్నారు. విండో గీయడానికి, మౌస్ కదలికలు అందించడానికి యంత్రాంగం మేమిస్తాం, బటన్ ఎలా ఉండాలో మెనూ ఎలా తెరుచుకోవాలో మాత్రం చెప్పం అన్నారు. అది వెండర్ల ఇష్టం. ఇంకేముంది, సన్, ఏటీ అండ్ టీ కంపెనీలు కలిసి ఓపెన్ లుక్ అనే రూపం తెచ్చాయి. ఐబీఎం, హెచ్‌పీ, డెక్ లాంటివి 1988లో ఓపెన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టి, మోటిఫ్ అనే టూల్‌కిట్ తెచ్చాయి. అందరిదీ యూనిక్సే, కానీ ఒక వర్క్‌స్టేషన్ మీద స్క్రోల్‌బార్ ఒకలా, పక్క టేబుల్ మీద ఉన్నదాంట్లో ఇంకోలా.

1993లో సన్ దిగొచ్చి మోటిఫ్‌కి ఒప్పుకుంది. అదే కాలంలో మోటిఫ్ ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంఘం దగ్గర ఐఈఈఈ 1295 పేరుతో ప్రమాణంగానూ నమోదైంది. పోటీదారులు ఒప్పుకున్నారు, కమిటీ ముద్ర పడింది. కాగితం మీద ఇంతకన్నా స్టాండర్డ్ ఏముంటుంది? అయినా నిలవలేదు, ఎందుకంటే మోటిఫ్‌కి లైసెన్స్ కొనాలి. గింప్ అనే బొమ్మల ఎడిటర్ మొదట మోటిఫ్ మీదే వచ్చింది. దాన్ని రాసిన విద్యార్థులే మోటిఫ్‌ని తీసేసి, తమ సొంత టూల్‌కిట్ జీటీకే రాసుకున్నారు. నార్వేలో ట్రోల్‌టెక్ 1995లో క్యూటీ అనే టూల్‌కిట్‌ని విడుదల చేసింది, మరుసటి ఏడే దాని మీద కేడీఈ అనే డెస్క్‌టాప్ మొదలైంది. చివరికి 2012లో మోటిఫ్ ఎల్‌జీపీఎల్ అనే ఉచిత లైసెన్స్ కింద అందరికీ దొరికింది. అప్పటికి అడిగే నాథుడు లేడు.

అందుకే వెండర్ స్లైడ్‌లో "ఫలానా స్టాండర్డ్‌కి కంప్లయంట్" అని కనబడగానే నేను పొంగిపోను. ఆ స్టాండర్డ్‌ని మీరు కాక ఇంకెవరు అమలు చేశారు, మా ప్రాజెక్ట్‌ని వాళ్ల దాంట్లోకి తీసుకెళ్లొచ్చా అని అడుగుతాను. ఒకే ఒక కంపెనీ అమలు చేసిన స్టాండర్డ్‌కీ, ఆ కంపెనీ సొంత పద్ధతికీ కొనేవాడి వైపు నుంచి చూస్తే తేడా ఏమీ లేదు.

ఎక్స్11 ఏదీ తేల్చలేదు, మోటిఫ్ రూపురేఖలతో సహా అన్నీ తేల్చింది. గీత మధ్యలో గీసిన ప్రమాణం ఒకటుంది, విమానం కాక్‌పిట్‌లో. విమానాల సంస్థలు హెచ్‌ఏఎల్, ఎన్‌ఏఎల్ ఉన్న ఊరు కదా, ఇక్కడి ఏవియానిక్స్ (విమాన ఎలక్ట్రానిక్స్) మిత్రుల నోట ఆరింక్ 661 అన్న పేరు వినిపిస్తూ ఉంటుంది. ఏయే విడ్జెట్లు (బటన్, పెట్టె లాంటి తెర ముక్కలు) ఉండాలి, ఒక్కోదానికి ఏ గుణాలు ఉండాలి, అప్లికేషన్ దానికి ఏ సందేశం పంపాలి, పైలట్ నొక్కితే తిరిగి ఏ సందేశం రావాలి, ఇదంతా అందులో రాసి ఉంటుంది. బటన్ అంచు గుండ్రంగా ఉండాలా, ఏ రంగు వేయాలి అన్నది మాత్రం విమానం చేసేవాళ్లకే వదిలేశారు. ఎయిర్‌బస్ ఏ380లోనూ, బోయింగ్ 787లోనూ ఇదే పద్ధతి. రెండింటి తెరలూ ఒకేలా ఉండవు. డిస్‌ప్లే ఒక కంపెనీ చేసినా, అప్లికేషన్ ఇంకో కంపెనీ రాసినా రెండూ కలిసి పనిచేస్తాయి. తెర రూపం మార్చాలంటే అప్లికేషన్‌ని కదపనక్కర్లేదు.

ఆండ్రాయిడ్‌లోనూ ఇలాంటి గీతే ఒకటి గీశారు. ఫోన్ కంపెనీలు ఎవరికి తోచిన స్కిన్ (పై రూపం) వాళ్లు వేస్తుంటే యాప్‌లు ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా కనబడేవి. 2012 జనవరిలో గూగుల్ ఒక షరతు పెట్టింది. ఆండ్రాయిడ్ 4.0 ఫోన్‌లో మా మార్కెట్ (యాప్‌ల దుకాణం) ఉండాలంటే మా సొంత రూపమైన హోలో థీమ్‌ని ముట్టుకోకుండా యథాతథంగా ఉంచాలి, మీ స్కిన్ కావాలంటే వేరే పేరుతో పక్కన పెట్టుకోండి అంది. ఏది వాడాలో యాప్ రాసేవాడు తేల్చుకుంటాడు.

పీణ్యలోని ప్రెస్ మెషిన్‌కి ఆరింక్ అక్కర్లేదు. ఆ గీతని మాత్రం కాపీ కొట్టొచ్చు. కంట్రోలర్‌కీ తెరకీ మధ్య ఓపీసీ యూఏ లాంటి అందరూ అమలు చేసిన ప్రోటోకాల్ పెట్టండి. తెర ప్రోగ్రామ్‌లో లెక్కలు, ఇంటర్‌లాక్‌లు (ప్రమాదం జరగకుండా మెషిన్‌ని ఆపే షరతులు) ఏవీ ఉండనివ్వకండి. అప్పుడు టూల్‌కిట్ ఎంపికలో పొరపాటు జరిగినా తెర ఒక్కటే మళ్లీ రాసుకుంటారు. చాలా చోట్ల జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. బటన్ క్లిక్ ఫంక్షన్‌లోనే ప్రెషర్ లిమిట్ చెక్ రాసేస్తారు. ఇక ఆ టూల్‌కిట్‌తో పెళ్లయిపోయినట్టే.

వెండర్ మనసు మారితే

పెద్ద కంపెనీ కదా, వదిలేయదులే అనుకునేవాళ్లకి ఫొటోషాప్ సంగతి చెప్పాలి. మ్యాక్‌లో అది కార్బన్ అనే ఆపిల్ టూల్‌కిట్ మీద ఉండేది. కార్బన్‌కి 64-బిట్ వస్తుందని ఆపిల్ చెప్పింది, 2007లో రాదని తేల్చేసింది. 2008లో వచ్చిన ఫొటోషాప్ సీఎస్4 విండోస్‌లో 64-బిట్‌గా వచ్చింది, మ్యాక్‌లో 32 దగ్గరే ఆగింది. ప్రోగ్రామంతా ఆపిల్‌దే ఇంకో టూల్‌కిట్ కోకోకి మార్చి 2010లో సీఎస్5 తెచ్చేదాకా మ్యాక్ వాడేవాళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. అడోబీ అంతటివాళ్లకే ఈ తిప్పలు.

మైక్రోసాఫ్ట్ కథ ఇంకా తమాషా. సిల్వర్‌లైట్ అనే టూల్‌కిట్ 2007లో వచ్చింది, 2021 అక్టోబర్‌తో దానికి సపోర్ట్ అయిపోయింది. మధ్యలో విండోస్ 8 యాప్‌ల పద్ధతి ఒకటి, ఆ తర్వాత యూడబ్ల్యూపీ, ఆ తర్వాత విన్‌యూఐ 3. ప్రతిదాన్నీ ఇదే భవిష్యత్తు అంటూనే తెచ్చారు. చివరికి 2002 నాటి విన్‌ఫామ్స్, 2006 నాటి డబ్ల్యూపీఎఫ్ ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాయి. 2018 చివర్లో వాటిని ఓపెన్ సోర్స్ కూడా చేశారు, మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదిక అయిన ఇప్పటి డాట్‌నెట్‌లోనూ నడుస్తున్నాయి. వెండర్ ఇచ్చేవాటిలో కొత్తదే మంచిదన్న నమ్మకం నాకు అక్కడే పోయింది.

ఓపెన్ సోర్స్ అయితే ఈ బాధ ఉండదనుకుంటే అదీ పూర్తిగా నిజం కాదు. జీటీకే 3 వచ్చింది 2011లో, జీటీకే 4 వచ్చింది 2020 డిసెంబర్‌లో. ఏ గింప్ కోసం జీటీకే పుట్టిందో ఆ గింపే జీటీకే 3కి మారడానికి 2025 మార్చి పట్టింది. తేడా ఒక్కటే. పాత వెర్షన్‌ని ఎవరూ లాక్కోలేరు, సోర్స్ ఉంది కాబట్టి ఆ పదమూడు పద్నాలుగేళ్లూ గింప్ బతికే ఉంది. మెషిన్ అమ్మేవాళ్లకి ఈ తేడా చిన్నదేం కాదు.

తెలుగు, కన్నడ రాసి చూడందే దేన్నీ ఓకే చేయకండి

టూల్‌కిట్ల పోలికల్లో వేగం, సైజు, అందం గురించి పేజీలకి పేజీలు ఉంటాయి, మన లిపి గురించి ఒక్క ముక్క ఉండదు. పీణ్య, బొమ్మసంద్ర షాపుల్లో రెండో షిఫ్ట్‌కి వెళ్లి చూస్తే ఆపరేటర్లలో తుమకూరువాళ్లూ ఉంటారు, హిందూపురం, మదనపల్లెవాళ్లూ ఉంటారు. తెర మీద కన్నడ, తెలుగు రెండూ కావాలి. ఇంగ్లిష్‌లో డెమో చూసి సరే అనేస్తే, కమిషనింగ్ రోజున, అంటే కస్టమర్ దగ్గర మెషిన్ మొదలుపెట్టే రోజున, ఇబ్బంది బయటపడుతుంది.

విషయం ఏంటంటే, యూనికోడ్‌లో తెలుగు వత్తులకి విడిగా కోడ్‌లు లేవు. హల్లు, పొల్లు, మళ్లీ హల్లు అని వరుసగా నిల్వ ఉంటుంది. వాటిని కలిపి వత్తుగా గీయడం షేపింగ్ ఇంజన్ పని. హార్ఫ్‌బజ్ అనే ఇంజన్ ఆ పని బాగా చేస్తుంది. క్యూటీ, జీటీకే, ఫ్లట్టర్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ అన్నీ దాన్నే వాడతాయి. విండోస్‌కి డైరెక్ట్‌రైట్, ఆపిల్‌కి కోర్ టెక్స్ట్ ఉన్నాయి. చిన్న మైక్రోకంట్రోలర్ల (ఒకే చిప్‌లో ఇమిడే కంప్యూటర్ల) కోసం చేసిన కొన్ని టూల్‌కిట్లలో మాత్రం ఇవేవీ ఉండవు, ఒక కోడ్‌కి ఒక బొమ్మ అంటించుకుంటూ పోతాయి. అలాంటి దాంట్లో "రాష్ట్రం" అని ఇస్తే "రాష్‌ట్‌రం" అని వస్తుంది. చదవగలం, కానీ కస్టమర్ ముందు తలెత్తుకోలేం.

నేను వాడే పరీక్ష ఇది. తెలుగులో స్త్రీ, క్షేత్రం, జ్ఞానం, రాష్ట్రం, కర్తృత్వం. కన్నడకి కర్ణాటక అన్న పేరు ఒక్కటి చాలు. కన్నడ లిపిలో ఆ పేరులోనే అర్కావొత్తు ఉంది, ర అక్షరం గుర్తుగా మారి తర్వాతి అక్షరం వెనక్కి వెళ్లి కూర్చోవాలి. ముందు ఇవి లేబుల్‌లో పెట్టి చూడండి, తర్వాత బటన్‌లో. లేబుల్‌లో బాగున్నది బటన్‌లో బాగుండకపోవచ్చు, ఎందుకంటే బటన్ ఎత్తుని ఇంగ్లిష్ అక్షరాలకి కొలిచి ఉంటారు. "స్టార్ట్" అని తెలుగులో రాస్తేనే కింద ఒక వత్తు వేలాడుతుంది. ఆ వత్తు సగానికి కోసుకుపోయిన బటన్లు నేను చాలా చోట్ల చూశాను. ఆ తర్వాత టెక్స్ట్‌బాక్స్‌లో "క్షే" అని టైప్ చేసి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కండి. ఏత్వం మాత్రమే పోవాలా, అక్షరమంతా పోవాలా అన్నది వేరే చర్చ. కర్సర్ అక్షరం మధ్యలో ఇరుక్కుపోతే మాత్రం ఆ టూల్‌కిట్‌ని వదిలేయడమే మంచిది.

అక్షరాల పని ఒకే చోట జరిగితే లాభమూ ఉంది, నష్టమూ ఉంది. 2018 ఫిబ్రవరి తెలుగువాళ్లెవరూ మరిచిపోలేదు. జ్ఞా అనే అక్షరంలో, జ్ఞకీ దీర్ఘానికీ మధ్య కనిపించని ఒక విభజన గుర్తు చేరిస్తే ఐఫోన్‌లో మెసేజ్ యాప్‌లు కుప్పకూలేవి. వాట్సాప్ అని లేదు, ట్విటర్ అని లేదు, సిస్టమ్ టెక్స్ట్ ఇంజన్ మీద ఆధారపడ్డ యాప్ ఏదైనా సరే. ప్రపంచమంతా మన అక్షరాన్ని చూసి భయపడింది, అదో విచిత్రమైన కీర్తి. అదే నెలలో ఐఓఎస్ 11.2.6 వచ్చింది, ఒక్క అప్‌డేట్‌తో అన్ని యాప్‌లూ బాగుపడ్డాయి. ప్రతి యాప్‌కీ సొంత టెక్స్ట్ ఇంజన్ ఉండి ఉంటే అన్నీ ఒకేసారి పడిపోయేవి కావు, ఒకేసారి లేచేవీ కావు. అక్షరాల విషయంలో నేను ఎప్పుడూ అందరూ వాడే ఇంజన్ వైపే. నలుగురూ వాడేదాంట్లో తప్పుంటే దాన్ని సరిచేయడానికి నలుగురు ఉంటారు.

ఏది ఎవరికి

విండోస్ తప్ప ఇంకోటి లేని చోట, అంటే ఫ్యాక్టరీ టెస్ట్ బెంచ్, స్టోర్స్ బిల్లింగ్, ల్యాబ్ రిపోర్ట్ ప్రింటింగ్ లాంటివాటికి విన్‌ఫామ్స్ లేదా డబ్ల్యూపీఎఫ్ వాడండి. ఫ్యాషన్ కాదని మొహమాటపడొద్దు. కీబోర్డ్ షార్ట్‌కట్లు, ఫైల్ డైలాగ్, ప్రింటర్, స్క్రీన్ రీడర్ అన్నీ సిస్టమ్‌తో కలిసిపోతాయి. ఎక్కువ రిజల్యూషన్ మానిటర్ల మీద విన్‌ఫామ్స్ కాస్త ఇబ్బంది పెడుతుంది, కొత్తగా మొదలుపెడితే డబ్ల్యూపీఎఫ్ మేలు.

లినక్స్ ప్యానెల్ మీద పదేళ్లు నడవాల్సిన మెషిన్‌కి అసలు పోటీ క్యూటీకీ బ్రౌజర్‌కీ మధ్యే.

క్యూటీ గట్టి సరుకు. సీ ప్లస్ ప్లస్ వచ్చిన టీమ్ ఉంటే దానంత హాయి ఇంకోటి లేదు, తక్కువ ర్యామ్‌లోనూ తెర స్మూత్‌గా నడుస్తుంది. కానీ దాని యజమానుల చరిత్ర తెలుసుకుని మరీ దిగాలి. ట్రోల్‌టెక్‌ని 2008లో నోకియా కొంది, 2012లో డిజియా చేతికి వచ్చింది, ఆ తర్వాత క్యూటీ కంపెనీగా విడిపోయింది. నోకియా కాలంలోనే, 2009లో, ఎల్‌జీపీఎల్ కింద ఇచ్చారు, దాంతో జనం ఎగబడ్డారు. 2021 జనవరి నుంచి క్యూటీ 5.15 దీర్ఘకాల సపోర్ట్ అప్‌డేట్లు డబ్బు కట్టినవాళ్లకే ముందు అన్నారు. ఉచితంగా వాడుతున్నవాళ్లు క్యూటీ 6కి మారాల్సి వచ్చింది, లేదా ప్యాచ్‌లు తామే వేసుకోవాల్సి వచ్చింది. వెండర్ స్వేచ్ఛ అంటే ఇదే, ఇందులో మోసం ఏమీ లేదు, వాళ్ల వ్యాపారం వాళ్లది. ఒక ఊరట ఉంది. కేడీఈ వాళ్లు 1998లోనే కంపెనీతో ఒప్పందం చేసుకుని ఒక ఫౌండేషన్ పెట్టారు. కంపెనీ ఉచిత వెర్షన్ ఇవ్వడం ఆపేస్తే, ఆ ఫౌండేషన్ దాన్ని షరతులు దాదాపు లేని బీఎస్‌డీ తరహా లైసెన్స్ కింద విడుదల చేయొచ్చు. ఇంత ముందుచూపుతో రాసుకున్న ఒప్పందం ఈ రంగంలో అరుదు.

లైసెన్స్ విషయంలో మనవాళ్లు తడబడే చోట్లు రెండున్నాయి. మొదటిది, క్యూటీలో అన్నీ ఎల్‌జీపీఎల్ కాదు. చార్ట్‌లు, తెర మీది వర్చువల్ కీబోర్డ్ జీపీఎల్ కింద లేదా డబ్బు కట్టే లైసెన్స్ కింద మాత్రమే దొరుకుతాయి. మెషిన్ తెరకి ముందు కావాల్సినవే ఆ రెండూ, గ్రాఫ్, కీబోర్డ్! వాటిని తెలియక కలిపేస్తే మీ ప్రోగ్రామ్ మొత్తానికి జీపీఎల్ షరతులు వర్తిస్తాయి, అంటే కొన్నవాళ్లకి మీ సోర్స్ కూడా ఇవ్వాలి. రెండోది, ఎల్‌జీపీఎల్ మూడో వెర్షన్ ప్రకారం ఇళ్లలో వాడే పరికరాల్లో లైబ్రరీని వాడేవాడు మార్చి ఇన్‌స్టాల్ చేసుకునే దారి ఇవ్వాలి. బూట్‌లోడర్‌ని (పరికరం ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రామ్‌ని) లాక్ చేసి అమ్ముతామంటే కుదరదు. ఫ్యాక్టరీ మెషిన్లు ఆ నిర్వచనం కిందకి రాకపోవచ్చు, కానీ అది మీరూ నేనూ తేల్చేది కాదు. ఒకసారి లాయర్‌కి చూపించండి, ఆ ఫీజు దండగ కాదు.

ఇక బ్రౌజర్ సంగతి. సీ ప్లస్ ప్లస్ మనుషులు లేని టీమ్‌కి నేను ఇదే చెబుతాను. ఈ ఊళ్లో వెబ్ మనిషి రాజీనామా చేస్తే ఇంకొకరు దొరుకుతారు. అన్నిటికన్నా ముఖ్యం, ఇది నిజంగా ముగ్గురు వేర్వేరుగా అమలు చేసిన స్టాండర్డ్. క్రోమ్ వెనక క్రోమియం, సఫారీ వెనక వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్ వెనక గెకో ఉన్నాయి. ఇక్కడా ఆ కాక్‌పిట్ గీతే కనబడుతుంది. తేదీ ఎంచుకునే పెట్టె ఏం తీసుకోవాలి, ఏ రూపంలో విలువ తిరిగివ్వాలి అన్నది హెచ్‌టీఎమ్‌ఎల్ చెబుతుంది. క్యాలెండర్ ఎలా కనిపించాలో చెప్పదు. క్రోమ్‌లో ఒకలా, సఫారీలో ఇంకోలా ఉంటుంది. డిజైనర్లకి ఇది నచ్చదు, సొంతంగా క్యాలెండర్ కడతారు, అందులో కీబోర్డ్ పనిచేయదు, స్క్రీన్ రీడర్‌కి ఏమీ వినిపించదు. దయచేసి మామూలు పెట్టెనే ఉంచండి. ఆయిల్ అంటిన వేలితో నొక్కే ఆపరేటర్‌కి కావాల్సింది పెద్ద అంకెలు, పెద్ద బటన్.

బ్రౌజర్‌ని ప్రోడక్ట్‌లో పెట్టడానికి దారులు రెండు, ఎలక్ట్రాన్, టౌరీ అనే టూల్స్. ఎలక్ట్రాన్ అయితే క్రోమియం మొత్తాన్నీ వెంట తీసుకొస్తుంది. ఇన్‌స్టాలర్ బరువు ఎక్కువ, కానీ మీరు టెస్ట్ చేసిందే కస్టమర్ దగ్గరా నడుస్తుంది. దానికి మూల్యం అప్‌డేట్ల టెన్షన్. ఎనిమిది వారాలకోసారి పెద్ద వెర్షన్ వస్తుంది, చివరి మూడింటికే సపోర్ట్. ఇంటర్నెట్ లేని షాప్‌ఫ్లోర్‌లో దాన్ని ఎవరు అప్‌డేట్ చేస్తారో ముందే తేల్చుకోండి. టౌరీ అయితే సిస్టమ్‌లో ఉన్న వెబ్‌వ్యూనే (యాప్ లోపల వెబ్ పేజీ చూపించే ఇంజన్‌నే) వాడుకుంటుంది, చాలా తేలిక. కానీ విండోస్‌లో ఒక ఇంజన్, లినక్స్‌లో ఇంకో ఇంజన్, రెండు చోట్లా టెస్ట్ చేయాలి. స్టాండర్డ్ మీద నమ్మకం ఉంటే టౌరీ, ఒకే అమలు మీద నమ్మకం ఉంటే ఎలక్ట్రాన్. ఒకే ప్యానెల్, ఒకే లినక్స్ ఇమేజ్ అయితే రెండూ అక్కర్లేదు, బ్రౌజర్‌ని కియోస్క్ మోడ్‌లో (ఇంకేమీ కనబడకుండా తెర నిండా) తెరిస్తే సరి.

గూగుల్ టూల్‌కిట్ ఫ్లట్టర్ గురించి కుర్రాళ్లు ఎక్కువ అడుగుతారు. 2018 డిసెంబర్‌లో 1.0 వచ్చింది, 2022లో విండోస్, లినక్స్, మ్యాక్ డెస్క్‌టాప్‌లకీ స్థిరమైన సపోర్ట్ ఇచ్చారు. ప్రతి పిక్సెల్‌నీ తనే గీసుకుంటుంది. అందువల్ల అన్ని చోట్లా ఒకేలా కనిపిస్తుంది, అందువల్లే సిస్టమ్ మారినప్పుడు తను మారదు. 2025లో ఆపిల్ లిక్విడ్ గ్లాస్ రూపం తెస్తే, సిస్టమ్ కంట్రోల్స్ వాడిన యాప్‌లకి అది చాలావరకు దానంతట అదే వచ్చింది, ఫ్లట్టర్ యాప్‌లు పాత వేషంలోనే ఉండిపోయాయి. కొత్త చర్చేం కాదిది. జావా 1996లో ఏడబ్ల్యూటీతో సిస్టమ్ బటన్లే వాడింది, 1998లో స్వింగ్‌తో తనే గీసుకోవడం మొదలుపెట్టింది, కొన్నేళ్లకే ఎక్లిప్స్ అనే ప్రోగ్రామర్ల ఎడిటర్ కోసం ఐబీఎం ఎస్‌డబ్ల్యూటీ రాసి మళ్లీ సిస్టమ్ బటన్ల దగ్గరికి వెళ్లింది. సొంత బ్రాండ్ రూపమే కావాల్సిన కియోస్క్, సర్వీస్ ఇంజనీర్ ట్యాబ్లెట్ యాప్ లాంటివాటికి ఫ్లట్టర్ బాగుంటుంది. రోజంతా కీబోర్డ్ మీద పనిచేసే ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కి నేను దాన్ని ఎంచుకోను.

జీటీకే లినక్స్ డెస్క్‌టాప్ వరకు మంచిదే, విండోస్ కస్టమర్లు కూడా ఉంటే వద్దు. మైక్రోకంట్రోలర్ మీద చిన్న తెరకి ఎల్‌వీజీఎల్ ఉంది, లైసెన్స్ గొడవ లేదు. మన లిపుల్లో పదాలు కావాలంటే పైన చెప్పిన పరీక్ష ముందు చేయండి, లేదా పదాలని బొమ్మలుగా తయారుచేసి పెట్టుకోండి.

ఆటోమేషన్ కంపెనీల సొంత హెచ్‌ఎంఐ (మనిషి మెషిన్‌ని నడిపే తెర) ప్యానెళ్లు మిగిలాయి. పని త్వరగా అయిపోతుంది, ఎలక్ట్రికల్ మనిషే తెర కట్టేసుకోగలడు. ఏడాదికి పది మెషిన్లు అమ్మేవాళ్లకి ఇవే సరి. ప్రాజెక్ట్ ఫైల్ మాత్రం వాళ్ల టూల్‌లోనే తెరుచుకుంటుంది, అదీ ఒక్కోసారి అదే వెర్షన్‌లో. నాకు తెలిసిన ఒక షాపులో పాత ప్యానెల్ పోతే, ఆ పాత టూల్ నడిచే విండోస్ ఎక్స్‌పీ లాప్‌టాప్ కోసం బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్‌పీ రోడ్డంతా గాలించారు. ఈ దారిలో వెళ్తే ప్రాజెక్ట్ ఫైల్‌తో పాటు ఆ టూల్ ఇన్‌స్టాలర్‌నీ, లైసెన్స్ కీనీ, పనిచేస్తున్న వర్చువల్ మెషిన్‌నీ భద్రపరచండి.

ప్రభుత్వ టెండర్ వైపు చూస్తుంటే ఇంకొకటి ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చాక, డిజిటల్ ప్రోడక్ట్‌ల అందుబాటుకి ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం వచ్చింది. టెండర్‌లో ఆ నంబర్ కనబడితే, స్క్రీన్ రీడర్‌తో సరిగా మాట్లాడని టూల్‌కిట్ అక్కడే పక్కకి పోతుంది. వెబ్, సిస్టమ్ కంట్రోల్స్ వాడినవి సులువుగా గట్టెక్కుతాయి. తనే గీసుకునే టూల్‌కిట్‌తో ప్రతి విడ్జెట్‌నీ చెక్ చేయాలి.

వెండర్ డెమోకి వచ్చిన రోజు

వాళ్ల లాప్‌టాప్‌లో వాళ్ల డెమో చూడకండి. మీ ప్యానెల్ మీద, మీ తెలుగు కన్నడ పదాలతో, మౌస్ పీకేసి కీబోర్డ్‌తో నడిపి చూపించమనండి. ఈ వెర్షన్‌కి సపోర్ట్ ఏ తేదీ దాకా అన్నది మాటగా వద్దు, కొటేషన్‌లో రాయించుకోండి. ప్రతి మెషిన్‌కీ రాయల్టీ ఉందా, ఉంటే సబ్‌స్క్రిప్షన్ ఆపేశాక కూడా పాత మెషిన్లకి బగ్ సరిచేసి బిల్డ్ ఇవ్వొచ్చా అని అడగండి. ఈ ప్రశ్నకి సేల్స్ మనిషి "మేనేజర్‌ని అడిగి చెబుతాను" అంటే జవాబు వచ్చేదాకా పీఓ (కొనుగోలు ఆర్డర్) ఆపండి. చివరగా, వాళ్ల ఇంజనీర్‌ని కూర్చోబెట్టి, నెట్‌వర్క్ కేబుల్ తీసేసి, వైఫై ఆపేసి, మీ ప్రాజెక్ట్‌ని మొదటి నుంచి బిల్డ్ చేయమనండి. లైసెన్స్ సర్వర్ దొరకలేదని మెసేజ్ వస్తే, దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి మీ కొనుగోలు విభాగానికి పంపండి.